చెరువులో దిగిన విమానం, ఒకే ఒక్క పుస్తకం

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. రెండు ప్రపంచయుద్ధాలలో వాడిన విమానాల గురించి ఒకే ఒక్క పుస్తకం కొనుక్కోవాలంటే ఏది కొనమంటారని ఒక మిత్రుడు అడిగి ఏడాది దాటింది. పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరు దగ్గరికి నేను చేరడానికి దాదాపు ఇరవయ్యేళ్ళు పట్టింది. అదీ విమానాల మీద ప్రేమతో కాదు, మా ఇంట్లో ఒక మనిషి మీద పడిన అపవాదు వల్ల. అందుకని కొంచెం ఓపిక పట్టి చదవమని మనవి.

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల లెక్క తీస్తే రాజస్థాన్ ఎడారి తరువాత మా పేరే చెబుతారు. ఊరి చెరువు పదేళ్ళకు రెండుసార్లు మరవ పారితే గొప్ప. మిగతా కాలమంతా అందులో గొర్రెలు మేస్తాయి, పిల్లలు ఆడుకుంటారు. అటువంటి ఊళ్ళో మా జేజినాయన రచ్చకట్ట మీద కూర్చుని, "నేను చెరువులో విమానం దిగంగ చూసినా" అని చెప్పేవాడు.

ఎవరు నమ్ముతారు? విమానమన్నదే ఆకాశంలో గీత గీసుకుంటూ పోయే చుక్క. అది చెరువులో దిగడమేమిటి? ఊళ్ళో ఆయనకు 'ఇమానమయ్య' అని పేరు పెట్టారు. ఎవరైనా గొప్పలు చెబితే "ఆయప్ప చెరువులో ఇమానం దించుతాండాడు" అనడం మా పల్లెలో సామెత అయిపోయింది. మా నాన్న బడిలో చదువుకునే రోజుల్లో ఈ సామెత మీద రెండు మూడు సార్లు కొట్లాడి చొక్కా చింపుకున్నాడట. పెద్దయ్యాక ఆయన కూడా తండ్రి మాటను నమ్మడం మానేశాడు. నమ్మకపోవడమే కాదు, ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే లేచి వెళ్ళిపోయేవాడు.

జేజినాయన చెప్పిన వివరాలు ఇవి. కరువు వచ్చిన ఏడు, ఇరవై రెండేళ్ళ వయసులో, ఊరి నుంచి నలుగురితో కలిసి బెంగుళూరికి కూలికి పోయాడు. అక్కడ 'ఇమానాల ఫ్యాక్టరీ'లో మట్టిపని, మోతపని దొరికింది. తెల్లదొరలు ఉండేవాళ్ళు గానీ మన జిల్లా కలెక్టరు లాంటి దొరలు కారట. సిగరెట్లు పంచి, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవాళ్ళట. ఆ ఫ్యాక్టరీకి దగ్గరలో పెద్ద చెరువు. ఒకనాడు ఆ చెరువు మీదికి మా ఆంజనేయస్వామి గుడి కన్నా పెద్ద విమానం వచ్చి కొంగ వాలినట్టు వాలింది. చక్రాలు తగిలించి గట్టు మీదికి లాగారు.

నాతో ఆయన ప్రత్యేకంగా చెప్పిన మాట ఇంకొకటుంది. "రేయ్ అబ్బీ, నీళ్ళ మిందికి వచ్చేటప్పుడు రెక్కల కొసలు రెండూ ఇరిగినట్ల కిందికి వాలతాయి. లేసి పోయేటప్పుడు మళ్ళా అతుక్కుంటాయి. ఈ మాట సెప్తే ఇంగా నగుతారని ఎవురికీ సెప్పలే" అన్నాడు. నాకప్పుడు పదేళ్ళు. నేనూ నవ్వాను. 1991లో ఆయన పోయాడు.

కాలేజీ రోజుల్లో ఒక గ్రంథాలయంలో, తాళం వేసిన అద్దాల బీరువాలో, 'జేన్స్ ఆల్ ది వరల్డ్స్ ఎయిర్‌క్రాఫ్ట్' పాత సంపుటం ఒకటి కనబడింది. బతిమాలితే అరగంట చూడనిచ్చారు. ఫ్రెడ్ టి. జేన్ అనే ఆంగ్లేయుడు 1909లో మొదలుపెట్టిన వార్షిక గ్రంథమిది. అంతకుముందే ఆయన యుద్ధనౌకల మీద ఇటువంటి గ్రంథాన్ని తెచ్చి పేరు పొందాడు. విమానమంటే ఇంకా కర్రా గుడ్డా అయిన కాలంలో ప్రపంచంలోని విమానాలన్నిటినీ ఒక పుస్తకంలో పెట్టాలనుకోవడం సాహసమే. 1916లో ఆయన చనిపోయినా పుస్తకం ఆగలేదు. నేను చూసిన సంపుటం యుద్ధం తరువాతి కాలానిది కాబట్టి నాకు కావలసింది అందులో లేదు. కానీ ఇటువంటి పుస్తకాలు ఉంటాయన్న సంగతి తెలిసింది. అక్కణ్ణించి ఈ పిచ్చి.

ఉద్యోగంలో చేరాక హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద 'జేన్స్ ఫైటింగ్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆఫ్ వరల్డ్ వార్ టూ' దొరికింది. యుద్ధకాలపు జేన్స్ సంపుటాల నుంచి కూర్చి 1980ల చివర మళ్ళీ అచ్చువేసిన పుస్తకం. చాలామంది 'ఒకే పుస్తకం' అనగానే దీని పేరే చెబుతారు. బరువు చూస్తే రోకలిబండ. ఫోటోలు కావలసినన్ని. నేనూ ఉబ్బితబ్బిబ్బయ్యాను. నాలుగు వారాలు చదివాక దాని ఇబ్బంది అర్థమైంది. అది యుద్ధం గురించిన పుస్తకం కాదు, యుద్ధం నాటి పుస్తకం. ఆనాడు లండనులో కూర్చున్న సంపాదకులకు ఎంత తెలిసిందో అంతే అందులో ఉంది. మిత్రపక్షాల విమానాలకు సంబంధించి రహస్యాలు దాచవలసి వచ్చింది, శత్రుపక్షాల వాటి గురించి ఊహించవలసి వచ్చింది. జపాను విమానాల పుటలు చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. ఆనాటి మనుషులు ఏమనుకున్నారో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పుస్తకం లేదు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి మాత్రం పనికిరాదు.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. ఏ పుస్తకం చేతికొచ్చినా దాని అట్ట, బొమ్మలు చూసి మోసపోకుండా, మన నేలకు సంబంధించిన కొన్ని విమానాలను అందులో వెతకాలి. అవి లేకపోతే మెస్సర్‌ష్మిట్ గురించి ఎంత గొప్పగా రాసినా కిందపెట్టేయాలి. (ఈ పద్ధతి ఏ విషయం మీది సంప్రదింపు గ్రంథానికైనా పనికొస్తుందని నా అనుభవం. నిఘంటువు కొనేటప్పుడు మా ఊళ్ళో వాడే పది మాటలు వెతుకుతాను.)

మొదటి పరీక్ష హైదరాబాదుది. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషువారికి ఇచ్చిన సొమ్ముతో ఒక స్క్వాడ్రన్ మొత్తానికి విమానాలు సమకూరాయి. అది 110వ స్క్వాడ్రన్. డీహెచ్ 9ఏ అనే రకాన్ని యుద్ధంలోకి మొదట తీసుకుపోయినది ఈ దళమే. 400 అశ్వశక్తి గల అమెరికా లిబర్టీ ఇంజను, రెండు జతల రెక్కలు, ఇద్దరు మనుషులు. ప్రతి విమానం మీదా ఇది నిజాము కానుక అని రాసి ఉండేది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, జర్మనీ లోపలి పట్టణాల మీద పగటిపూట బాంబులు వేయడానికి పోయింది. నవంబరు 11న యుద్ధం ఆగేనాటికి, అంటే రెండు నెలలు నిండకుండానే, 17 విమానాలు శత్రుభూమి మీదికి వెళ్ళి తిరిగి రాలేదు.

వాటిలో ఒకదాని కథ వింతైనది. ఎఫ్ 1010 అనే నంబరు గలది 1918 అక్టోబరు 5న జర్మనీలో దిగిపోయింది. నడిపిన ఇద్దరూ బందీలయ్యారు. జర్మన్లు దానిని విజయచిహ్నంగా దాచుకుని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండవ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే తూర్పుకు తరలించారు. అలా పోలండు చేతికి చిక్కింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి దానిని ఇంగ్లండు తెచ్చుకున్నారు. లండనులో హెండన్ దగ్గరి వాయుసేన మ్యూజియంలో చేరింది. నిజాము పేరు మోసిన విమానం ఒకటి బతికి బయటపడిందంటే శత్రువు దాచుకోవడం వల్లనే!

ఇక్కడ అనంతపురం వాడిగా ఒక మాట అనకుండా ఉండలేను. 1800లో నిజాము, తనకు రక్షణగా ఉంచిన ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి రాసి ఇచ్చాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. సైన్యం కోసం మమ్మల్ని ఇచ్చిన వంశమే 118 ఏళ్ళ తరువాత సైన్యం కోసం విమానాలు ఇచ్చింది. ఏడవ నిజాముకు దొరికిన బిరుదు 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. రెండవ ప్రపంచయుద్ధంలో హైదరాబాదు పేరుతో ఇంకో రెండు స్క్వాడ్రన్లు వెలిశాయి. స్పిట్‌ఫైర్లు నడిపిన 152వది, హరికేన్లు నడిపిన 253వది. రెండూ 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడాయి. వాటిలో 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాము తలపాగా ఉంటుంది, కింద ఆ బిరుదే నినాదంగా ఉంటుంది.

మేము మాత్రం అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. మాకు వేరే స్క్వాడ్రన్లు. 79, 234, 264 నంబర్లు గల మూడింటికి 'మద్రాసు ప్రెసిడెన్సీ' అని పేరు తగిలించారు. యుద్ధనిధి చందాలకు కృతజ్ఞత అన్నమాట. మా జేజినాయన ఇంట్లోనూ ఒక రూపాయి వసూలు చేసుకుపోయారని ఆయన చెప్పేవాడు. ఆ రూపాయికి ఎన్ని శేర్ల కొర్రలు వచ్చేవో కూడా లెక్క చెప్పేవాడు. 264వ స్క్వాడ్రన్‌కు దక్కిన విమానం బోల్టన్ పాల్ డిఫయంట్. వెనక బురుజులో నాలుగు తుపాకులు పెట్టి, ముందుకు కాల్చడానికి ఒక్కటి కూడా పెట్టని విచిత్రమైన యుద్ధవిమానం. మొదట్లో జర్మన్లు ఏమరుపాటున దాని వెనక చేరి దెబ్బతిన్నారు గానీ, సంగతి తెలిశాక ఎదురుగా వచ్చి కొట్టారు. 1940 ఆగస్టు చివరి రోజుల్లో ఆ స్క్వాడ్రన్ దారుణంగా నష్టపోయింది. ఆ తరువాత దానిని పగటి యుద్ధం నుంచి తప్పించి రాత్రి కాపలాకు పెట్టారు. కొర్రల రూపాయి ఏ రేకు ముక్కకు పోయిందో గానీ, ఆ పుట చూసినప్పుడల్లా నాకు ఆయన లెక్కే గుర్తొస్తుంది.

రెండో పరీక్ష వల్టీ వెంజెన్స్. ఈ పేరు విన్నవాళ్ళు తక్కువ. అమెరికాలో తయారై బ్రిటిషువారికి అమ్మిన, నిట్టనిలువునా దూకి బాంబు వేసే విమానం. యూరపులో దీనిని యుద్ధానికి పంపనే లేదు. అక్కడ చాందమారీ గుడ్డలు లాగడానికి వాడుకున్నారు. అందువల్ల పాశ్చాత్య రచయితలు చాలామంది దీనిని 'విఫలం' అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. కానీ బర్మా సరిహద్దులో ఇది బాగా పనిచేసింది. భారత వాయుసేన 7, 8 స్క్వాడ్రన్లు 1943 చివరి నుంచి 1944 దాకా అరకాన్‌లో, ఇంఫాల్ చుట్టుపక్కల దీనితోనే పోరాడాయి. దట్టమైన అడవిలో శత్రువు దాగిన చిన్న గుట్టను కొట్టాలంటే నిలువుగా దూకడమే మార్గం. ఇంకో విశేషం. 1918లో నిజాము విమానాలు నడిపిన 110వ హైదరాబాదు స్క్వాడ్రనే 1942లో మన దేశానికి వచ్చి ఈ వెంజెన్స్‌ను చేపట్టింది. వెంజెన్స్ గురించి ఒక పుస్తకం ఏమంటుందో చూస్తే, ఆ రచయిత బర్మా యుద్ధాన్ని యుద్ధంగా లెక్కించాడో లేదో తెలిసిపోతుంది.

మూడోది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన ఆంధ్రదేశం నేల మీద ప్రపంచయుద్ధం స్వయంగా కాలు పెట్టింది ఆ ఒక్కనాడే. చనిపోయినవారు కొద్దిమందే గానీ కోస్తా అంతా భయంతో ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. మద్రాసు నగరం నుంచి జనం మూటాముల్లె కట్టుకుని లోపలి జిల్లాలకు పారిపోయారు. ఆ విమానాలు ఎక్కడివి? అడ్మిరల్ ఓజావా దళంలోని 'ర్యూజో' అనే చిన్న విమానవాహక నౌకవి. ఆ దళం బంగాళాఖాతంలో ఆ కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. బాంబులు వేసినవి నకజిమా బీ5ఎన్ రకానివి. ఒకటే ఇంజను, ముగ్గురు మనుషులు. పుస్తకాలలో దీనిని 'కేట్' అంటారు. నోరు తిరగని జపాను పేర్లకు బదులు మిత్రపక్షాలవారు యుద్ధవిమానాలకు మగ పేర్లు, బాంబర్లకు ఆడ పేర్లు పెట్టుకున్నారు. తమాషా ఏమిటంటే ఆ పేర్లు పుట్టింది 1942లో ఆ తరువాత. విశాఖ మీద బాంబు పడ్డనాడు దానికి అమెరికావాడు పెట్టిన పేరు కూడా లేదు.

ఈ విషయంలో రెనె ఫ్రాన్సియాన్ రాసిన 'జపనీస్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆఫ్ ది పసిఫిక్ వార్'ను మించినది నేను చూడలేదు. 1970లో పుట్నమ్ సంస్థ వేసింది. జేన్స్ ఊహించినచోట ఈయన జపాను లెక్కలు సంపాదించి రాశాడు. కానీ అది ఒక దేశానికే పరిమితం.

ఇక నాలుగో పరీక్ష, అసలు పరీక్ష, మా జేజినాయనది.

బెంగుళూరు ఫ్యాక్టరీ అంటే హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అని ఊహించడం కష్టం కాలేదు. వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో మైసూరు సంస్థానం భాగస్వామ్యంతో పెట్టిన సంస్థ. అమెరికా వ్యాపారి విలియం పాలీ యంత్రాలను, నిపుణులను సమకూర్చాడు. 1941 ఆగస్టులో హార్లో అనే శిక్షణ విమానాన్ని, 1942 జూలై ఆఖరున కర్టిస్ హాక్ యుద్ధవిమానాన్ని ఎగరేశారు. కానీ జపాను ముంచుకొస్తున్న సమయంలో కొత్త విమానాలు తయారు చేయడం కన్నా దెబ్బతిన్నవాటిని బాగుచేయడం అవసరమైంది. 1942లో ప్రభుత్వం వాల్‌చంద్ వాటాను తీసుకుంది. 1943లో నడిపే బాధ్యత అమెరికా సైన్యానికి అప్పగించారు. భుజం మీద చెయ్యి వేసిన దొరలు ఎవరో ఇక్కడ తేలిపోయింది. జేజినాయన వెళ్ళింది 1944లో. ఆయన మాట ఒకటి సరిపోయింది. చెరువు సంగతి?

అమెరికావాళ్ళ కింద అక్కడ బాగుచేసిన విమానాల పేర్లు వెతికాను. డకోటాలు, మిచెల్‌లు, లిబరేటర్లు, కాటలీనాలు. కాటలీనా! ఆ పేరు జేన్స్‌లో చూశాను గానీ పట్టించుకోలేదు. అది ఎగిరే పడవ. కింద కడుపు పడవలా ఉంటుంది, నీళ్ళ మీద దిగుతుంది. బెంగుళూరు ఫ్యాక్టరీకి మరమ్మతుకు వచ్చిన కాటలీనాలు పక్కనున్న బెళ్ళందూరు చెరువులో దిగేవి. ఈ ఒక్క వాక్యం తెలిసిన రోజు నేను రాత్రంతా నిద్రపోలేదు. (ఆ చెరువే ఇటీవలి ఏళ్ళలో నురగలు కక్కి, 2017లో నీళ్ళ మీద మంటలు లేచి వార్తలకెక్కింది.)

కాటలీనా గురించి నాలుగు మాటలు చెప్పాలి. కన్సాలిడేటెడ్ అనే అమెరికా సంస్థ తయారీ. 1935లో మొదటిసారి ఎగిరింది. రెక్కల పొడవు 104 అడుగులు. ఆ రెక్క విమానం ఒంటికి అంటుకుని ఉండదు, ఒక స్తంభం మీద గొడుగులా పైన నిలబడి ఉంటుంది. రెండు పక్కలా గాజు బుడ్డలు కప్ప కళ్ళలా పొడుచుకొస్తాయి. వేగం తక్కువ, కానీ ఆగకుండా ఇరవై గంటలు కూడా సముద్రం మీద తిరగగలదు. 1942 ఏప్రిల్ 4న సింహళం దక్షిణాన జపాను నౌకాదళం వస్తున్నదని మొదట కనిపెట్టి వార్త పంపింది కాటలీనాయే. నడిపినవాడు కెనడావాసి లెనార్డ్ బర్చల్. వార్త పూర్తిగా పంపేలోగానే కూల్చేశారు, ఆయన యుద్ధం ముగిసేదాకా బందీగా ఉన్నాడు. ఆ తరువాత రెండు రోజులకే విశాఖ మీద బాంబులు పడ్డాయి. మద్రాసు దగ్గరి రెడ్‌హిల్స్ చెరువు కూడా ఈ విమానాలకు స్థావరమైంది. చెరువులో విమానం దిగడమన్నది మా ఊరి సామెతలో అసంభవం గానీ, ఆ రోజుల్లో దక్షిణదేశంలో మామూలు సంగతే.

కానీ రెక్కల కొసలు?

ఈ చిక్కు విడదీసింది విలియం గ్రీన్. ఈయన 1960 నుంచి 'వార్ ప్లేన్స్ ఆఫ్ ది సెకండ్ వరల్డ్ వార్' అని చిన్న చిన్న సంపుటాలు వేశాడు. చేతిలో ఇమిడే పుస్తకాలు, విషయం చూస్తే సముద్రం. అయిదో సంపుటం మొత్తం ఎగిరే పడవల మీదే. బెంగుళూరు అవెన్యూ రోడ్డులో ఒక పాత పుస్తకాల కొట్టు ముందు నిలబడి కాటలీనా పుట తిప్పాను. నీళ్ళ మీద రెక్క ఒరిగిపోకుండా రెండు చివర్లా తేలే తొట్లు ఉంటాయి. మామూలు ఎగిరే పడవలకు అవి రెక్క కింద ఎప్పుడూ వేలాడుతుంటాయి. కాటలీనాకు మాత్రం ఎగిరేటప్పుడు ఆ తొట్లు పైకి ముడుచుకుని రెక్క కొసలుగా అమరిపోతాయి. దిగేటప్పుడు కొసలే విరిగినట్టు కిందికి వాలి తొట్లవుతాయి.

కొట్టువాడు "ఏమైంది సార్, కొంటారా వద్దా" అని కన్నడంలో రెండుసార్లు అడిగాడట. నాకు వినబడలేదు.

ఊహించి చెప్పగలిగిన మాట కాదది. ఏ పుస్తకమూ చదవని, సంతకం చేయడం కూడా రాని మనిషి, ఆ రకం విమానానికి ఉన్న ఆ ఏర్పాటును కళ్ళతో చూస్తే తప్ప చెప్పలేడు. నలుగురూ ఇంకా నవ్వుతారని ఆయన దాచిపెట్టుకున్న మాటే ఆయనకు సాక్ష్యమైంది. దానికి మొదట నవ్వినవాణ్ణి నేనే.

సరే, మిత్రుడి ప్రశ్నకు వద్దాం. గ్రీన్ పుస్తకమే కొనమనవచ్చు కదా అంటే, అది ఒక పుస్తకం కాదు, పది. పైగా 1968లో పదో సంపుటం దగ్గర ఆగిపోయింది. దేశాల అక్షరక్రమంలో సాగుతున్న బాంబర్ల వరస అమెరికా దాకా రానేలేదు. అంటే వెంజెన్స్ లేదు. మొదటి యుద్ధం అసలే లేదు.

రెండు యుద్ధాలూ, అన్ని దేశాలూ ఒకే అట్టల మధ్య కావాలంటే ఇటలీ రచయిత ఎంజో ఆంజెలూచి కూర్చిన 'ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ మిలిటరీ ఎయిర్‌క్రాఫ్ట్ 1914–1980' ఉంది. రంగుల బొమ్మలు ముచ్చటగా ఉంటాయి, పిల్లలున్న ఇంటికి దానికి మించినది లేదు. కానీ ఎక్కువగా పక్క నుంచి చూసిన బొమ్మలే. విమానాన్ని ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి గీసే మూడు బొమ్మల పద్ధతి అలంకారం కోసం పుట్టింది కాదు. నేల మీద నిలబడి తలెత్తి చూసేవాడు, వచ్చేది మనదా పరాయిదా అని క్షణంలో తేల్చుకోవడానికి అవసరమైనది. మా జేజినాయన లాంటివాడు విమానాన్ని చూసేది కింద నుంచే. ఆ చూపుకు జవాబు చెప్పలేని పుస్తకం ఎంత అందంగా ఉన్నా నాకు సగమే.

నేను చివరికి ఎంచుకున్నది ఓవెన్ థెట్‌ఫర్డ్ రాసిన 'ఎయిర్‌క్రాఫ్ట్ ఆఫ్ ది రాయల్ ఎయిర్ ఫోర్స్'. 1957లో పుట్నమ్ వాళ్ళు మొదట వేశారు. తరువాత అనేక ముద్రణలు వచ్చాయి, కొత్తవాటికి 'సిన్స్ 1918' అని పేరు చివర ఉంటుంది. ఒక్కో విమానానికి ఫోటో, మూడు వైపుల బొమ్మ, కొలతలు, అన్నిటికన్నా ముఖ్యంగా అది ఏ ఏ స్క్వాడ్రన్ల చేతిలో ఉందో ఆ వివరం. డీహెచ్ 9ఏ ఉంది. డిఫయంట్ ఉంది. వెంజెన్స్ ఉంది, బర్మాతో సహా. 1933లో కరాచీలో భారత వాయుసేన మొదటి స్క్వాడ్రన్ మొదలైన వాపిటి ఉంది. కాటలీనా ఉంది. ఆఖరికి 'హైదరాబాద్' అనే పేరు గల హాండ్లీ పేజ్ కర్ర బాంబరు కూడా ఉంది; 1925లో సైన్యంలో చేరిన ఆ విమానానికి మన నగరం పేరు ఎందుకు పెట్టాలనిపించిందో, పేరుకు తగ్గట్టే నిదానంగా కదిలేదట!

ఇది ప్రపంచ విమానాల పుస్తకం కాదు, ఒక దేశపు వాయుసేన పుస్తకం. జర్మనీ లేదు, జపాను లేదు, విశాఖ మీద బాంబు వేసినది లేదు. నా నాలుగు పరీక్షల్లో ఒకటి తప్పినట్టే. ఆ సంగతి దాచి సిఫారసు చేయను. కానీ మన డబ్బు, మన మనుషులు, మన చెరువులు ఏ విమానాలతో ముడిపడ్డాయో అవన్నీ బ్రిటిషు సామ్రాజ్యపు ఖాతాలోనే జమ అయి ఉన్నాయి. ఖాతా పుస్తకం అదే అయినప్పుడు మన పద్దులు వెతకవలసింది కూడా అందులోనే. ప్రపంచమంతా చూపించే పుస్తకాల్లో మన పద్దు ఒక్కటీ కనబడదు. మొదటి ముద్రణ కోసం వెతకవద్దు. 1970ల తరువాతి ముద్రణ ఏది దొరికినా చాలు. నాకు 450 రూపాయలకు దొరికింది, అట్ట చినిగి, లోపల ఎవరివో ఎర్ర పెన్సిలు గీతలతో.

గ్రీన్ అయిదో సంపుటం కూడా ఆనాడే కొన్నాను. రాత్రి బస్సులో ఇంటికి చేరి, తెల్లవారాక నాన్నకు ఆ పుట తీసి ఇచ్చాను. ఆయనకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు. చదివాడు. బొమ్మ మీద వేలు పెట్టి రెక్క పొడవునా కొస దాకా లాగాడు. కొసలు వాలే సంగతి జేజినాయన నాకెప్పుడు చెప్పాడని అడిగాడు. చెప్పాను. "నాకు చెప్పలేదే" అన్నాడు.

థెట్‌ఫర్డ్ నా బల్ల మీద ఉంది. గ్రీన్ మాత్రం ఆనాటి నుంచి నాన్న దగ్గరే ఉంది. రచ్చకట్ట దగ్గరికి ఒకసారి తీసుకుపోయాడని అమ్మ చెప్పింది.